చిత్తూరు సీమలో చిన్న చేతుల వేసవి



ఏప్రిల్ నెలాఖరున బడులు మూస్తారు. మరల తెరిచేది జూన్ రెండవ వారములోనే. ఈ ఆరు వారములు పెద్ద పిల్లలకు పండుగ. తోటలలో తిరుగుతారు, బావులలో ఈదుతారు, అమ్మమ్మ ఊరికి పోతారు. మూడేండ్లు నిండి ఆరేండ్లు నిండని చిన్నవారి సంగతి వేరు. తల్లి తెల్లవారకముందే కూలికి పోతుంది. బిడ్డను అవ్వ దగ్గర వదలుతుంది. అవ్వకు ఓపిక ఉన్నంతసేపు కథలు చెబుతుంది, లేనప్పుడు సెల్‌ఫోను చేతిలో పెడుతుంది. పొద్దు వాలేవరకు బిడ్డ ఆ మూలనుండి కదలడు.

వేసవి బైబిలు పాఠశాలలు, అనగా మనము వి.బి.ఎస్. అని పిలుచుకొనేవి, ఈ పిల్లలకు పది దినములైనా ఒక చోటు చూపిస్తాయి. అవి మొదలు కాకముందు తిరుపతి నుండి పలమనేరు వరకు కొన్ని సంఘములను దర్శించే పని నాకు పడింది. వెళ్ళిన చోటనెల్లా ఒకే ప్రశ్న అడిగాను: మీ చిన్న తరగతి పిల్లల చేతులకు ఏమి పని ఇస్తున్నారు?

జవాబులు అనేకము వచ్చాయి. అన్నిటికంటె ఎక్కువగా నా వెంట వచ్చినది మామిడితోటలో కూలి చేసే ఒక తల్లి చెప్పిన మాట. "మొదటి దినము పంపినాను అయ్యగారూ. ఏమేమో కొనుక్కొని రమ్మని చీటీ ఇచ్చినారు. రంగు కాగితాలంట, మెరుపుపొడి అంట, థర్మకోలు అంట. ఇద్దరు బిడ్డలకు యాడనుంచి తెచ్చేది? రెండో దినము వాళ్ళే పోమన్నారు. చేతిలో ఏమీ లేకుండా పోతే సిగ్గంట."

నాలుగేండ్ల బిడ్డకు సిగ్గు నేర్పినది ఒక చీటీ. వ్రాసిన టీచరమ్మకు చెడు ఉద్దేశ్యము ఏమియు లేదు. పట్నములో దొరికే పుస్తకములో ఉన్నది చూచి వ్రాసినది. అయితే ఆ చీటీ తలుపు దగ్గర నిలబడి, ఎవరు లోపలికి రావాలో ఎవరు రాకూడదో తేల్చివేసింది.

ఈ చేతిపనులు మొదట ఎవరి కొరకు పుట్టాయో తెలిస్తే మనకు ఆశ్చర్యము కలుగుతుంది. 1898లో న్యూయార్కు నగరములో ఎలైజా హాస్ అనే బాప్తిస్టు సంఘస్తురాలు, ఎండాకాలము వీధులలో తిరిగే బీద పిల్లలను చూచి, సారా అమ్మే చోట ఒక హాలు అద్దెకు తీసుకొని వారిని పోగుచేసింది. బైబిలు కథలు, పాటలు, ఆటలు, బొమ్మలు గీయడము, చేతిపనులు అక్కడ నేర్పించారు. 1901లో రాబర్టు బోవిల్ అనే ఆయన ఈ పనిని అందుకొని ఇతర సంఘములకు వ్యాపింపజేశాడు. ఇల్లు ఇరుకై, ఆడుకొనే చోటు లేక, చేతిలో కాసు లేని పిల్లల కొరకే వేసవి పాఠశాల పుట్టింది.

కిండర్‌గార్టెన్ కథయు ఇటువంటిదే. ఆ మాటకు జర్మను భాషలో పిల్లల తోట అని అర్థము. ఫ్రెడరిక్ ఫ్రోబెల్ అనే ఉపాధ్యాయుడు 1837లో జర్మనీలోని బ్లాంకెన్‌బర్గు అనే చిన్న ఊరిలో చిన్నపిల్లల బడి తెరిచి, 1840లో దానికి ఈ పేరు పెట్టాడు. ఆయన ఒక లూథరన్ పాస్టరుగారి కుమారుడు. ఏడాది నిండకముందే తల్లిని పోగొట్టుకొన్నవాడు. చిన్నబిడ్డ చెవితో నేర్చుకొనే దానికంటె చేతితో నేర్చుకొనేది ఎక్కువని ఆయన గ్రహించాడు. కాగితము మడత పెట్టడము, పట్టీలు అల్లడము, మట్టి పిసకడము, నానిన బఠాణీలకు పుల్లలు గుచ్చి ఇల్లు కట్టడము, ఇవి ఆయన పిల్లలకు ఇచ్చిన పనులు. బఠాణీ బదులు కొమ్ముశనగలు, పుల్లల బదులు మొన విరిచిన చీపురు పుల్లలు పెట్టుకొంటే ఆ పాఠము రేపే మన ఊరిలో చెప్పవచ్చును. ఖర్చు పిడికెడు శనగలు.

ఇక దారిలో చూచినవి చెబుతాను.

తిరుపతి నుండి పల్లెవెలుగు బస్సు రేణిగుంట, ఏర్పేడు మీదుగా శ్రీకాళహస్తికి పోతుంది. ఏర్పేడుకు దగ్గరలో మాధవమాల అనే ఊరున్నది. కొయ్య చెక్కడము అక్కడివారి వృత్తి. ఉలి దెబ్బ వింటూ నిలబడడము పిల్లలకు ఎంతో ఇష్టము. అయితే ఉలి చిన్నవారి చేతికి ఇచ్చే వస్తువు కాదు. చెక్కగా రాలిన చిత్రిక పొట్టు మాత్రము వారిదే. చుట్టలు తిరిగిన ఆ పొట్టును గంజితో అట్టమీద అంటిస్తే గొఱ్ఱెపిల్ల ఒంటిమీద ఉన్ని తయారు. వడ్రంగి పనివారున్న ఏ ఊరిలోనైనా ఈ పొట్టు దొరుకుతుంది, అడిగితే ఊరికే ఇస్తారు.

శ్రీకాళహస్తి కలంకారీకి పేరుపొందిన పట్నము. ఈ పని ఒకప్పుడు అంతరించే స్థితికి వచ్చింది. 1950 దశకములో కమలాదేవి చట్టోపాధ్యాయగారి పూనికతో ఇక్కడ శిక్షణ కేంద్రము ఏర్పడి, కొత్త చేతులు తయారైనాయి. ఈ ఊరి కళాకారుడు జొన్నలగడ్డ గురప్పశెట్టిగారికి 2008లో పద్మశ్రీ లభించింది. వీరు ఎక్కువగా రామాయణ భారత కథలు వ్రాస్తారు. యేసు ప్రభువు జీవితమును కూడ బట్టమీద వ్రాసినవారు వీరిలో ఉన్నారు.

పని జరిగే ఒక వసారాలో చాలాసేపు కూర్చున్నాను. ముతక నూలుబట్టను కరక్కాయ రసము, గేదెపాలు కలిపి అందులో తడిపి ఆరబెడతారు. పాలలోని కొవ్వు రంగును చెదరిపోకుండ పట్టి ఉంచుతుంది. చింతకొమ్మ కాల్చిన బొగ్గుతో గీత గీస్తారు. కలమంటే వెదురు పుల్లయే. దాని మొనకు కొంచెము పైన గుడ్డ చుట్టి దారము కడతారు. ఆ గుడ్డ రంగు పీల్చుకొని, వ్రేలితో నొక్కినప్పుడు మొనకు దిగుతుంది. నలుపు రంగు కొరకు తుప్పు ఇనుమును బెల్లపు నీళ్ళలో కొన్ని వారములు నానవేస్తారు. కరక్కాయ పట్టించిన బట్టమీద అది పడగానే నల్లబడుతుంది. కరక్కాయ, బెల్లము, పాలు, బొగ్గు: దుకాణములో కొనేది ఎంత తక్కువో చూడండి.

చిన్నపిల్లలకు ఇందులో ఒక భాగము ఇవ్వవచ్చును. పాత తెల్ల పంచె చింపి జానెడు ముక్కలు చేయండి. పసుపు నీళ్ళలో ముంచి నీడను ఆరవేయండి. పుల్ల చివర గుడ్డ చుట్టి ఒక్కొక్కరికి ఒక కలము కట్టి ఇవ్వండి. బట్టల సబ్బు కలిపిన నీళ్ళు చిప్పలో పోయండి. బిడ్డ ఆ నీళ్ళతో పసుపు బట్టమీద గీయగానే గీత ఎఱ్ఱగా పైకి తేలుతుంది. పసుపు మరక ఉన్న రవికకు సబ్బు రాస్తే ఎఱ్ఱబడుతుందని ప్రతి తల్లికి తెలుసు. అదే ఇది. ఆ ఎరుపు కనబడినప్పుడు నాలుగేండ్ల బిడ్డ ముఖము చూచి తీరవలెను. ఆ చేతులు కండ్లలో పెట్టుకోకుండ పని కాగానే కడగండి.

శ్రీకాళహస్తి దాటి తూర్పుగా సూళ్ళూరుపేట వైపు పోయేకొద్ది తాటిచెట్లు కనబడతాయి. 1865లో హెర్మన్స్‌బర్గు మిషనరీ ఆగస్టు మైలియస్ గారు తన పని ప్రారంభించినది ఈ సూళ్ళూరుపేటలోనే. ఇప్పుడు కాలము ముంజలది. గెలలు దింపి, ముంజలు తీసికొని, ఖాళీ కాయలను దారి పక్కన గుట్టగా పోస్తారు. ముంజకాయల బండి ఎరుగనివారు మనలో ఎవరున్నారు? రెండు కాయలకు మధ్య ఒక పుల్ల దూర్చితే ఇరుసు, చక్రములు సిద్ధము. పంగ ఉన్న పొడుగాటి కర్ర ఆ ఇరుసు మీద ఆనించి నెట్టుకొంటూ పోవడమే. పుల్ల దూర్చేది పెద్దవారు. నెట్టేది, బోల్తా పడితే మరల నిలబెట్టేది చిన్నవారు. ఒక సంఘములో ఆ దినము పాఠము ఐతియొపీయుడైన నపుంసకుని రథము. పిల్లలందరు తలా ఒక రథముతో ఆవరణ చుట్టు వచ్చినారు. ఆ కథ వారు మరచిపోతారని నేననుకోను.

తాటాకు సంగతి వేరుగా చెప్పనక్కరలేదు. మట్టలాదివారమున మనమందరము మట్టలు చేతపట్టినవారమే. మిగిలిన ఆకును పారవేయకుండ తడిగోనెలో చుట్టిపెడితే మెత్తగా ఉంటుంది. వ్రేలి వెడల్పు పట్టీలు చీల్చి ఇస్తే ఐదేండ్లవారు సిలువ మడుస్తారు. నాలుగేండ్లవారికి గాలిచక్రము చేసి ముల్లుతో పుల్లకు గుచ్చి ఇస్తే, పరుగెత్తి తిప్పుకొంటారు. ఆకు అంచులు కోసుకొంటాయి కనుక ముందుగా పెద్దవారే ఆ అంచు తీసివేయవలెను.

మరల తిరుపతికి వచ్చి దక్షిణముగా పుత్తూరు, నగరి దారి పట్టాను. ఇది మగ్గముల సీమ. వీధిలో నడుస్తుంటే రెండు పక్కల ఇండ్లనుండి పవర్‌లూముల చప్పుడు ఆగకుండ వినబడుతుంది. మగ్గమున్న ఇంట తెగిన నూలు, పీచు ఎప్పుడును ఉంటాయి. ఒక అక్క సంచినిండ ఇచ్చి, "ఇవి మాకు చెత్తే అయ్యగారూ, పిల్లోళ్ళకు పనికొస్తే అదే పదివేలు" అన్నది. అరచేయంత అట్టముక్కకు పైన కింద గాట్లు పెట్టి, నిలువుగా దారము చుట్టితే చిన్న మగ్గము. పాతచీర పట్టీలను ఒకటి కింద, ఒకటి పైన పోనిస్తూ అల్లవచ్చును. మూడేండ్ల బిడ్డకు ఇది రాదు. ఐదేండ్లు దాటినవారికి మొదటి దినము రెండు వరుసలు వస్తాయి, మూడవ దినమునకు చాపముక్క అవుతుంది. అపొస్తలుడైన పౌలు డేరాలు కుట్టి బ్రతికినవాడని చెప్పడానికి ఇంతకంటె మంచి సమయము ఉండదు.

అక్కడనుండి చిత్తూరు. దామలచెరువు, బంగారుపాళ్యం ప్రాంతములలో వేసవి అంటే మామిడియే. ఎక్కువ తోటలు తోతాపురివి. మనవారు బెంగుళూరు కాయ అంటారు. కాయ కొన చిలుక ముక్కువలె వంగి ఉంటుంది. గుజ్జు తీసే ఫ్యాక్టరీలకు పోయే పంట ఇది. 2025లో ఈ కాయ ధర పడిపోయి రైతులు రోడ్డున పడగా, కిలోకు 4 రూపాయలు సహాయముగా ఇస్తామని రాష్ట్ర ప్రభుత్వము ప్రకటించవలసి వచ్చింది. అటువంటి సంవత్సరములో మెరుపుపొడి కొని పంపమనే చీటీ ఆ ఇండ్లకు చేరితే ఎట్లుంటుందో చదువరులే ఆలోచించండి.

అదే ఇండ్ల వెనుక దొడ్డిలో టెంకలు గుట్టలుగా పడి ఉంటాయి. ఒక టెంక తీసికొని బాగుగా కడిగి, రెండు మూడు దినములు ఎండబెట్టండి. పాత దువ్వెనతో పీచు దువ్వుమంటే పిల్లలు గంటసేపు దువ్వుతారు. పైకి దువ్వితే జుట్టు, కిందికి దువ్వితే గడ్డము. బొగ్గుతో కండ్లు, నోరు పెడితే అబ్రాహాము తాత కూర్చున్నాడు. తోతాపురి టెంక పొడుగుగా, చదునుగా ఉంటుంది కనుక రెండు ఆకులు తోకగా అంటించి చేప అని కూడ అంటారు. యోనా కథకు అది చాలును. ఎండని టెంకకు బూజు పడుతుంది, చీమలు పడతాయి. ఆ సంగతి ముందే చూచుకోవలెను.

చిత్తూరు నుండి పలమనేరు దారిలో మొగిలి ఘాట్ ఎక్కగానే గాలి మారుతుంది. కింద చెమటలు పోసినవారికి పైన ప్రాణము లేచివస్తుంది. పలమనేరు చుట్టుపక్కల కుమ్మరులు కుండలతో పాటు ఎఱ్ఱమట్టి గుఱ్ఱములు, పూలకుండీలు, దీపపు సెమ్మెలు చేసి బెంగుళూరు దాకా పంపుతారు. చక్రము ముందు కూర్చున్న ఒక పెద్దాయనను అడిగాను: "తాతా, నాలుగేండ్ల బిడ్డకు మట్టిపని ఎట్లా నేర్పేది?" ఆయన చేయి ఆపకుండానే అన్నాడు: "నేర్పేదేముంది సామీ. తడి సరిగ్గా ఉండే ముద్ద చేతిలో పెట్టి ఊరకుండు. ఊరకుండేదే కష్టం."

ఆ మాటలో మన టీచర్లందరికి ఒక తరగతి పాఠమున్నది. చెరువు మట్టి తెచ్చి, గాజుముక్కలు, రాళ్ళు లేకుండ జల్లించి, నీళ్ళు చల్లి పిసికి, రాత్రంతా తడిగోనె కింద ఉంచండి. మరునాటికి అది చేతికి అంటుకోని ముద్ద అవుతుంది. మూడేండ్లవారు ఉండ చేస్తారు, నాలుగేండ్లవారు పాము చేస్తారు, ఐదేండ్లవారు ఆ పామును చుట్టి గిన్నె చేస్తారు. చేసినది నీడను ఆరబెట్టాలి. ఎండలో పెడితే పగులుతుంది. చెడిపోయిన పాత్రను అదే మట్టితో మరల చేసిన కుమ్మరిని గూర్చి యిర్మీయా గ్రంథము 18వ అధ్యాయములో ఉన్నది. బిడ్డ గిన్నె కూలిపోయి ఏడ్చినప్పుడు, "మట్టి పోలేదు కదా, మరల చేద్దాము" అంటే ఆ అధ్యాయము వాడికి అర్థమైనట్లే.

ఈ మెట్ట ప్రాంతములో చింతచెట్లు విస్తారము. వేసవి మొదటిలో ఏ అరుగు చూచినా ఆడవారు చింతకాయ కొట్టి గింజ తీస్తుంటారు. ఆ గింజలను తడిమట్టి పలకమీద వరుసగా నొక్కితే పిల్లవాని పేరులోని మొదటి అక్షరము వస్తుంది. వ్రేలితో నొక్కి నేర్చిన అక్షరము జూన్‌లో బడికి పోయేటప్పుడు తోడు వస్తుంది. ఒక్క జాగ్రత్త: గింజలు, శనగలు ముక్కులో, చెవిలో దూర్చుకొనే ప్రాయము ఇది. మూడేండ్లలోపు వారికి ఇవ్వనేకూడదు. తక్కినవారి దగ్గర ఒక పెద్దమనిషి కూర్చొనే ఉండాలి. పని అయిపోగానే గింజలు ఎత్తిపెట్టాలి.

ఈ ప్రయాణములో మంచి తరగతులు నడిపేవారి దగ్గర విన్న సంగతులు కొన్ని. పని ఉదయము ఏడున్నరకు మొదలుపెట్టి పది గంటలలోపు ముగించండి. తిరుపతి ఎండకు పెద్దలే తాళలేరు. పావుగంటకు మించి ఒక పని సాగదీయవద్దు. కుండలో నీళ్ళు, ఒక గ్లాసు అందేచోట పెట్టండి. ఫెవికాల్ బదులు గంజి గాని మైదా బంక గాని చాలును. థర్మకోలు గూర్చి చింతపడనక్కరలేదు, అలంకరణకు వాడే థర్మకోలు 2022 జూలై 1 నుండి దేశమంతట నిషేధింపబడినది.

మరొకటి, అన్నిటికంటె కష్టమైనది. ముగింపు దినమున తల్లిదండ్రుల ఎదుట వస్తువులు పెట్టినప్పుడు బాగుండాలని, టీచర్లు రాత్రి కూర్చొని అన్నిటిని సరిదిద్దుతారు. ఒకే అచ్చున పోసినట్లు నలభై గొఱ్ఱెలు బల్లమీద నిలబడతాయి. బిడ్డ వచ్చి తన గొఱ్ఱె ఏదో గుర్తుపట్టలేక నిలబడతాడు. మూడు కాళ్ళదైనా, ఒక చెవి లేనిదైనా, వాడు చేసినది వానికి తెలుసు. దానిని అట్లే ఉంచండి. ఎవరిది ఎక్కువ బాగున్నదని బహుమతులు పెట్టకండి. ఈ ప్రాయములో చేతిపనికి బహుమతి ఆ వస్తువును ఇంటికి తీసికొనిపోయి అవ్వకు చూపించడమే.

నిర్గమకాండము 31వ అధ్యాయములో బెసలేలును గూర్చి చదువుతాము. దేవుని ఆత్మతో నింపబడిన ఆ మనిషికి దొరికినది చేతిపనులలో నేర్పు. మన సీమలో ఆ నేర్పుగలవారు ప్రతి ఊరిలో ఉన్నారు. కుమ్మరి తాత, మగ్గము అక్క, తాటిచెట్టు ఎక్కే అన్న, చాప అల్లే అవ్వ. వారు మన సంఘస్తులైనా కాకపోయినా, ఒక ఉదయము వచ్చి పిల్లల నడుమ కూర్చొమ్మని పిలిస్తే కాదనరు. తమ పనిని చూడడానికి పిల్లలు గుమిగూడడము వారికిని గౌరవమే. వారి సొంత పిల్లలే ఈ పనులు వదలి పట్నముల దారి పడుతున్న దినములివి.

సంఘ పెద్దలకు, సండేస్కూలు టీచర్లకు నా మనవి ఒక్కటే. ఈ వేసవిలో చిన్న తరగతి పిల్లలకు ఏ చీటీ ఇవ్వకండి. ఇవ్వక తప్పదంటే దానిలో ఐదు మాటలే వ్రాయండి: ఒక మామిడి టెంక, ఒక పాతగుడ్డ. ఆ చీటీ చదివి బిడ్డను ఇంట ఉంచుకొనే తల్లి మన సీమలో ఉండదు. ఆ మామిడితోట తల్లి ఇద్దరు పిల్లలు కూడ చేతినిండ టెంకలతో వస్తారు. బహుశ అందరికంటె ఎక్కువ తెచ్చేది వారే.